ఆలస్యమైన తీర్పు, కావలి విడవని మనిషి



అన్యాయం జరిగినప్పుడు, ఎదిరించే బలం లేనప్పుడు మన ఊళ్లలో మనుషులు ఒక మాట అనుకుంటారు. "పైవాడు చూస్తున్నాడులే" అంటారు. "నా ఉసురు తగలకపోదు" అంటారు. పొలం గట్టు జరుపుకున్న ఆసామి గురించి, కూలి డబ్బులు ఎగ్గొట్టిన మేస్త్రీ గురించి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఇల్లు లాక్కున్నవాడి గురించి అలా అనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలో పడతారు. చాలామంది ఆ నమ్మకం మీదే బతుకు ఈడ్చుకొస్తున్నారు. కానీ ఏళ్లు గడుస్తాయి. గట్టు జరిపినవాడు మేడ కడతాడు, కూలి ఎగ్గొట్టినవాడు పెద్దమనిషై పంచాయితీలు చెబుతాడు. అప్పుడు గుండెల్లో ఒక ప్రశ్న లేస్తుంది. పైవాడు నిజంగా చూస్తున్నాడా? చూస్తూ ఉంటే ఎందుకు ఊరుకున్నాడు?

ఆ ప్రశ్నను దేవుణ్ణే సూటిగా అడిగిన హెబ్రీ ప్రవక్త హబక్కూకు. పాత నిబంధన చివర ఉన్న పన్నెండు చిన్న ప్రవక్తల గ్రంథాల్లో ఆయనది ఎనిమిదవది. మూడే అధ్యాయాలు, 56 వచనాలు. నిదానంగా చదువుకున్నా పావుగంట పట్టదు. ఆయన తండ్రి ఎవరో, ఊరు ఏదో ఆ గ్రంథం చెప్పదు. ఆయన అడిగిన ప్రశ్నలూ, ఆయనకు దొరికిన జవాబులూ మాత్రం మిగిలాయి. ఈవేళ ఆ జవాబుల గురించి మాట్లాడుకుందాం. వాటితో పాటు కోల్‌కతా నగరంలోని భవానీపూర్ గురించి కూడా చెప్పుకుందాం. ఎందుకంటే ఆ ప్రవక్త చెప్పిన నమ్మకత్వం మనుషుల బతుకులో ఎలా ఉంటుందో ఆ పేట చరిత్ర మన కళ్లకు కట్టిస్తుంది.

ముందు హబక్కూకు కాలానికి వెళదాం. క్రీస్తుకు పూర్వం 609లో యూదా రాజ్యంలో యెహోయాకీము గద్దెనెక్కాడు. అతణ్ణి రాజుగా కూర్చోబెట్టినవాడు ఐగుప్తు ఫరో. అందుకు ప్రతిఫలంగా ఫరోకు వెండీ బంగారం కప్పం కట్టాలి. ఆ కప్పం కోసం రాజు ఒక్కొక్కరి మీదా పన్ను వేసి దేశమంతటా వసూలు చేశాడు. ప్రజలు అలా నలిగిపోతుంటే, తాను మాత్రం దేవదారు పలకలతో విశాలమైన మేడ కట్టించుకున్నాడు. కట్టినవాళ్లకు కూలి ఇవ్వలేదు. సమకాలికుడైన యిర్మీయా ప్రవక్త ఆ సంగతి ఎత్తి రాజును ముఖం మీదే నిలదీశాడు. న్యాయస్థానాల్లో తీర్పు వంకరపోయింది. బలవంతుడిదే మాట అయింది.

హబక్కూకు మొదటి మొర ఇక్కడ పుట్టింది. ఎంతకాలం మొరపెట్టాలి, ఎంతకాలం నువ్వు వినకుండా ఉంటావు అని ఆయన దేవుణ్ణి అడిగాడు. ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆయన ఫిర్యాదు పరాయి దేశం మీద కాదు. తన సొంత జనం మీద, తన సొంత రాజు ఏలుబడి మీద. తన ఇంట్లో జరిగే అన్యాయాన్ని దాచిపెట్టి పక్కింటి పాపాలు లెక్కపెట్టే అలవాటు ఆ ప్రవక్తకు లేదు.

దేవుడి జవాబు ఆయన్ని దిగ్భ్రమలో ముంచింది. కల్దీయులను లేపుతున్నాను, వాళ్ల చేత ఈ దేశాన్ని శిక్షిస్తాను అన్నాడు దేవుడు. కల్దీయులంటే బబులోనువాళ్లు. క్రీస్తుకు పూర్వం 605లో కర్కెమీషు దగ్గర బబులోను యువరాజు నెబుకద్నెజరు ఐగుప్తు సేనను చిత్తుగా ఓడించాడు. ఆ దెబ్బతో ఆ ప్రాంతమంతా బబులోను గుప్పిట్లోకి పోయింది. అప్పుడు హబక్కూకు రెండోసారి ప్రశ్నించాడు. ఈ ప్రశ్న మొదటిదాని కన్నా పదునైనది. మేం చెడ్డవాళ్లమే, ఒప్పుకున్నాం. మాకన్నా చెడ్డవాళ్ల చేత మమ్మల్ని శిక్షించడం ఏం న్యాయం? మనుషుల్ని చేపల్లా వలవేసి పట్టుకుపోయేవాణ్ణి నువ్వెలా చూస్తూ ఊరుకుంటావు?

ఇలా అడిగినందుకు దేవుడు ఆ ప్రవక్తను కసురుకోలేదు. భక్తి ఉన్నవాడు ప్రశ్నించకూడదు అని మనలో చాలామంది అనుకుంటాం. హబక్కూకు గ్రంథం ఆ భయాన్ని పోగొడుతుంది. అన్యాయం చూసి కడుపు మండినవాడు దేవుడి దగ్గరికే వెళ్లి అడగడం కూడా నమ్మకమే. నమ్మకం లేనివాడు అడగడు, విసిగిపోయి ఊరుకుంటాడు.

అడిగిన తర్వాత ఆయన వెళ్లి కావలి గోపురం మీద నిలబడ్డాడు. జవాబు వచ్చేదాకా కదలనన్నాడు. జవాబు వచ్చింది. నీకు కనిపించినదాన్ని పలకల మీద స్పష్టంగా రాయి, పరుగెత్తేవాడు కూడా చదువుకునేలా రాయి అని దేవుడు చెప్పాడు. దానికొక గడువుంది, ఆలస్యమైనట్టు కనిపించినా ఎదురుచూడు, అది వచ్చి తీరుతుంది అన్నాడు. గర్వించినవాడి బతుకు నిలవదనీ, నీతిమంతుడు తన నమ్మకత్వం వల్లే బతుకుతాడనీ ఆ జవాబు సారాంశం. యూదుల తాల్ముద్ పండితులు ధర్మశాస్త్రంలో 613 ఆజ్ఞలు లెక్కగట్టారు. వాటన్నిటినీ ఒక్కటిగా కుదించి చెప్పినవాడు హబక్కూకు అని వాళ్లు ఈ మాట గురించే అన్నారు. వాళ్లకన్నా ముందే అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రికలోనూ, గలతీయులకు రాసిన పత్రికలోనూ దీన్నే ఎత్తి చూపాడు. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ బోధకు ఇదే పునాది అయింది.

ఆ జవాబులో ఉన్న వరస చూడండి. తీర్పు చెప్పేవాడు దేవుడు, గడువు పెట్టేవాడు దేవుడు. మనిషికి అప్పగించిన పనులు రెండే: చూసినదాన్ని దాచకుండా రాయడం, కావలి విడవకుండా నిలబడడం. ఈ రెండు పనులూ చేసిన మనిషి ఒకరు భవానీపూర్‌లో ఉండేవారు.

కోల్‌కతాలో పి.జి. ఆసుపత్రి పక్కనుంచి దక్షిణానికి సాగే రోడ్డు ఒకటుంది. సంత్ కుటియా గురుద్వారా ఆ రోడ్డు మీదే ఉంటుంది. ఆ రోడ్డు పేరు హరీశ్ ముఖర్జీ రోడ్డు. రోగులు, విద్యార్థులు, వ్యాపారులు రోజూ ఆ పేరు పలుకుతూ తిరుగుతారు. ఆ హరీశ్ చంద్ర ముఖర్జీ 1824లో భవానీపూర్‌లోనే, ఒక పేద కుటుంబంలో పుట్టారు. చదువు మధ్యలోనే ఆపి ఒక వేలంపాటల కంపెనీలో నెలకు పది రూపాయల జీతానికి చేరారు. తర్వాత మిలిటరీ ఆడిటర్ జనరల్ కార్యాలయంలో ఇరవై ఐదు రూపాయలకు గుమాస్తాగా చేరి, సొంత కష్టంతో నాలుగు వందల రూపాయల జీతం దాకా ఎదిగారు. ఆ రోజుల్లో ఒక భారతీయ ఉద్యోగికి అది పెద్ద మొత్తం. ఆ జీతంతో సుఖంగా కాలం గడపవచ్చు. ఆయన అలా గడపలేదు. 1853లో మొదలైన హిందూ పేట్రియట్ అనే ఇంగ్లీషు వారపత్రికను భుజాన వేసుకున్నారు. పగలు ఉద్యోగం, రాత్రి పత్రిక.

ఆ కాలంలో బెంగాల్ పల్లెల్లో నీలిమందు సాగు రైతుల ప్రాణాలు తోడేసేది. మన కడప, కర్నూలు సీమల్లోనూ నీలిమందు పండేది కాబట్టి ఆ పంట తెలుగువాళ్లకు తెలియనిది కాదు. బెంగాల్లో దాన్ని పండించిన తీరు మాత్రం ఘోరం. ఇంగ్లీషు దొరలు రైతుకు బిఘా నేలకు రెండు రూపాయల చొప్పున అడ్వాన్సు అంటగట్టేవాళ్లు. దాన్ని దాదన్ అనేవారు. అడ్వాన్సు ముట్టుకున్న రైతు తన మంచి నేలలో వరి మానేసి నీలిమందు వేయాలి. కొలతలో మోసం, ధరలో మోసం. ఎంత పండించినా అడ్వాన్సు తీరేది కాదు. తండ్రి చనిపోతే ఆ బాకీ కొడుకు మీద పడేది. వేయనని తిరగబడినవాణ్ణి లాఠీల మనుషులు పట్టుకుపోయి, కుఠీ అని పిలిచే నీలిమందు ఫ్యాక్టరీ గోదాముల్లో నిర్బంధించేవాళ్లు.

హబక్కూకు రెండో అధ్యాయంలో అయిదు శాపాలున్నాయి. మొదటిది తనది కానిదాన్ని కుప్ప పోసుకునేవాడి మీద, పరుల తాకట్టు సొమ్ముతో బరువెక్కేవాడి మీద. నీ బాకీదార్లే ఒకనాడు ఉన్నపళాన లేచి నీ మీదికి వస్తారని ఆ ప్రవక్త హెచ్చరించాడు. ఇరవై అయిదు వందల ఏళ్ల కిందట బబులోను సామ్రాజ్యాన్ని ఉద్దేశించి పలికిన ఆ హెచ్చరిక, బెంగాల్లోని నదియా, జెస్సోర్ జిల్లాల్లో అక్షరాలా నిజమైంది. 1859లో బాకీదార్లే లేచారు. నదియా జిల్లా చౌగాఛా గ్రామంలో దిగంబర్ బిశ్వాస్, విష్ణుచరణ్ బిశ్వాస్ అనే ఇద్దరు, అంతకుముందు నీలిమందు దొరల దగ్గరే పనిచేసినవాళ్లు, రైతుల పక్షాన నిలబడ్డారు. నీలిమందు విత్తేది లేదని హిందూ, ముస్లిం రైతులు కలిసి ఒట్టు పెట్టుకున్నారు. ఊరి తర్వాత ఊరు ఆ ఒట్టులో చేరింది.

ఆ కాలమంతా భవానీపూర్‌లో హరీశ్ చంద్ర ఇల్లు రైతులకు ఆశ్రయమైంది. పల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లకు ఆయన అన్నం పెట్టారు, అర్జీలు రాసిపెట్టారు, కోర్టు ఖర్చులకు తన జీతం నుంచే ఇచ్చారు. వారం వారం ఆ అన్యాయాలను పేట్రియట్‌లో అచ్చువేశారు. జెస్సోర్ నుంచి శిశిర్ కుమార్ ఘోష్ అనే యువకుడు పంపిన ఉత్తరాలు కూడా అందులో వచ్చాయి. అమృత బజార్ పత్రికను తర్వాత స్థాపించింది ఆ యువకుడే. పరుగెత్తేవాడు కూడా చదువుకునేలా రాయమని దేవుడు ప్రవక్తకు ఇచ్చిన ఆజ్ఞకు ఇంతకన్నా మంచి అర్థం నాకు తోచదు. పాలకులు ఇంగ్లీషు చదువుతారు కాబట్టి, కలకత్తా నుంచి లండన్ దాకా చదువుకునేలా ఆయన ఇంగ్లీషులోనే రాశారు.

ప్రభుత్వం 1860లో నీలిమందు కమిషన్ వేసింది. హరీశ్ చంద్ర దాని ముందు సాక్ష్యం చెప్పారు. ఫరీద్‌పూర్‌లో మేజిస్ట్రేటుగా పనిచేసిన ఎడ్వర్డ్ డిలాటూర్ కూడా చెప్పాడు. మనిషి నెత్తురు మరక అంటకుండా ఇంగ్లండు చేరిన నీలిమందు పెట్టె ఒక్కటీ లేదన్న మాట అప్పటికే ప్రచారంలో ఉంది. ఆ మాట తనదేనని, దాన్ని పూర్తి అర్థంలో తాను నిలబెట్టుకుంటానని ఆ ఇంగ్లీషు అధికారి కమిషన్‌కు చెప్పాడు. హబక్కూకు మూడో శాపం నెత్తుటితో పట్టణం కట్టేవాడి మీద. రెండో శాపంలో, అన్యాయంగా కట్టిన ఇంటి గోడలో రాయి మొర పెడుతుందని, దూలం దానికి జవాబు చెబుతుందని ఉంది. పాలకుల్లోంచే ఒకడు లేచి సాక్ష్యం చెప్పిన రోజున ఆ గోడలో రాయే మాట్లాడింది.

అదే సంవత్సరం ఆగస్టులో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు జాన్ పీటర్ గ్రాంట్ కుమార్, కాళీగంగ నదుల మీద స్టీమరులో ప్రయాణం చేశాడు. అరవై డెబ్బై మైళ్ల పొడవునా రెండు ఒడ్డుల మీద వేలాది రైతులు, ఆడవాళ్లు సైతం, నిలబడి న్యాయం కావాలని అడిగారు. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఆ గొంతులు ఆగలేదు. ఎవరూ రాయి విసరలేదు. ఆ జనం నిలబడిన ఒడ్డులే వాళ్ల కావలి గోపురాలు.

శ్రోతలారా, హరీశ్ చంద్ర క్రైస్తవుడు కాదు. 1852లో ఏర్పడిన భవానీపూర్ బ్రహ్మసమాజంలో ఆయన ముఖ్యుడు. అదే భవానీపూర్‌లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ల విద్యాసంస్థ ఉండేది. ఆ మిషనరీలూ, బ్రహ్మసమాజస్థులూ సిద్ధాంతాల మీద గట్టిగా వాదించుకునేవాళ్లు. ఆ సొసైటీ మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1805లో దాని మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి, ఆనందరాయర్ సాయంతో బైబిలును తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరూ 1810 నాటికే కన్నుమూశారు. వాళ్లు తెలుగు చేసిన సువార్తలు 1812లో కలకత్తాకు దగ్గరున్న శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. విత్తినవాళ్లు పంట చూడకుండానే వెళ్లిపోయారు. ఆ పనిని తర్వాతి తరాలవాళ్లు అందుకున్నారు కాబట్టే హబక్కూకు మాటలు ఇవాళ మన భాషలో మన చేతుల్లో ఉన్నాయి.

సిద్ధాంతంలో వాదించుకున్నవాళ్లే రైతుల కష్టం దగ్గర ఒకే వైపు వచ్చారు. చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన రెవరెండ్ జేమ్స్ లాంగ్, నీలిమందు రైతుల కష్టాల మీద దీనబంధు మిత్ర 1860లో రాసిన నీల్ దర్పణ్ నాటకాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. నీలిమందు దొరలు ఆయన మీద కేసు పెట్టారు. 1861 జూలైలో కలకత్తా సుప్రీంకోర్టు ఆయనకు ఒక నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. ఆ జరిమానా అక్కడికక్కడే కట్టినవాడు కాళీప్రసన్న సింహ, బెంగాలీలోకి మహాభారతాన్ని తెచ్చిన హిందూ జమీందారు. లాంగ్ తప్పుపట్టింది తనలాగే తెల్లవాళ్లను. హబక్కూకు కూడా మొదట తన జనం మీదే ఫిర్యాదు చేశాడు కదా! నమ్మకత్వానికి ఇది గట్టి పరీక్ష. మనవాడు తప్పు చేసినప్పుడు మన నోరు లేస్తుందా లేదా అన్నదే ఆ పరీక్ష.

హరీశ్ చంద్ర లాంగ్ విచారణను చూడలేదు. 1861 జూన్‌లో, ముప్ఫై ఏడేళ్ల వయసులో ఆయన చనిపోయారు. పగలూ రాత్రీ చేసిన చాకిరీ ఆయన ఆరోగ్యాన్ని తినేసింది. సంపాదించినది రైతుల కోసం ఖర్చయిపోయింది. నీలిమందు దొర ఒకడు వేసిన పరువునష్టం దావా ఆయన పోయాక ఆయన భార్యను వెంటాడింది. నమ్మకంగా ఉన్నవాడికి ఇదా ఫలితం అని మనసు చివుక్కుమంటుంది.

హబక్కూకు మూడో అధ్యాయం చదివితే ఆ ప్రశ్నకు తడబడని జవాబు దొరుకుతుంది. అది పాటగా పాడిన ప్రార్థన. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా తాను దేవుడిలో సంతోషిస్తానని ప్రవక్త అంటాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, ధాన్యం, గొర్రెలు, పశువులు అంటే ఆ దేశపు రైతుకు ఉన్నదంతా అదే. అంతా పోయినా నిలబడతాను అన్నవాడు లాభం చూసుకుని నమ్మినవాడు కాదు. పంట వస్తే భక్తి, రాకపోతే విరక్తి అనుకునే మనకు అది పెద్ద పాఠం. నమ్మకత్వానికి జీతం అడగకూడదు.

మరి తీర్పు వచ్చిందా? వచ్చింది, కానీ ఒక్క దెబ్బన రాలేదు. ఇష్టం లేని రైతు చేత నీలిమందు వేయించకూడదని ప్రభుత్వం స్పష్టం చేసింది. బెంగాల్లో కుఠీలు మూతపడుతూ వచ్చాయి. అయితే ఆ దొరల వ్యాపారం బీహారుకు జరిగింది. చంపారన్‌లో ఇరవై కఠాల నేలలో మూడు కఠాలు నీలిమందుకే కేటాయించాలన్న తీన్‌కఠియా పద్ధతి రైతుల మెడకు చుట్టుకుంది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి వచ్చి ఆ వ్యాపారాన్నే కూల్చింది. 1917లో గాంధీజీ చంపారన్ వెళ్లారు. 1918లో చట్టం వచ్చి తీన్‌కఠియా రద్దయింది. హరీశ్ చంద్ర పోయిన 57 ఏళ్లకు.

యూదా చరిత్రలోనూ అంతే. క్రీస్తుకు పూర్వం 586లో యెరూషలేము కూలింది. దాన్ని కూల్చిన బబులోను 539లో పారసీక రాజు కోరెషుకు లొంగిపోయింది. శిక్షించడానికి వచ్చినవాడు కూడా తీర్పుకు అతీతుడు కాలేదు. అయితే చరిత్రలో ప్రతి పతనానికీ దేవుడి తీర్పు అని ముద్ర వేసే హక్కు మనకు లేదు. తుపాను వచ్చి ఊరు మునిగితే వాళ్ల పాపం పండిందని అనడం క్రూరత్వం. హబక్కూకు దెబ్బలు తిన్నవాళ్ల పక్షాన నిలబడి తీర్పు అడిగాడు. తీర్పు గురించి మాట్లాడే అర్హత అలా నిలబడినవాళ్లకే ఉంది.

ఇక మన సంగతి. అయిదు శాపాలను బబులోనుకో, నీలిమందు దొరలకో అప్పగించి చేతులు దులుపుకుంటే మనం ఆ గ్రంథం చదవనట్టే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయినా పశ్చిమ ఒడిశా పల్లెల నుంచి అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు ఇటుక బట్టీల పనికి తెలంగాణకూ, ఆంధ్రకూ వస్తూనే ఉన్నాయి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదని వాళ్లను పట్టి ఉంచిన కేసులు బయటపడుతూనే ఉన్నాయి. సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడికి తట్టుకోలేక మహిళలు ప్రాణాలు తీసుకున్న తర్వాత, 2010లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోన్లో అప్పిచ్చి, ఫొటోలు మార్చి బంధువులకు పంపి పరువు తీసే యాప్‌లు వచ్చాయి. పొరుగువాడికి తాగించి అతని సిగ్గు చూసేవాడి మీద ఆ ప్రవక్త నాలుగో శాపం ఉంది. అది ఎవరికి తగులుతుందో వేరే చెప్పాలా?

ఆ బట్టీల్లో కాలిన ఇటుకలతో కట్టిన ఇళ్లలో మనమే ఉంటున్నాం. గోడలో రాయి మొర పెడుతుందన్న మాట మన గోడల గురించి కూడా.

కాబట్టి చర్చిలోనూ, గుడిలోనూ, మసీదులోనూ దేవుడి తీర్పు కోసం ప్రార్థించే మనందరికీ నా విన్నపం ఇది. మొదట, మన దగ్గర పనిచేసేవాళ్ల కూలి ఈ వారంలోనే, లెక్క ప్రకారం చెల్లిద్దాం. రెండోది, మన ఊళ్లో, మన పేటలో జరిగే అన్యాయాన్ని తేదీతో, పేరుతో, సాక్ష్యంతో రాసి పెడదాం. అధికారికి అర్జీగానో, పత్రికకు ఉత్తరంగానో దాన్ని పంపుదాం. రాయడం రానివాళ్లకు హరీశ్ చంద్రలాగా మనం రాసిపెడదాం. మూడోది, తప్పు చేసినవాడు మన కులంవాడైనా, మన మతంవాడైనా, మన చుట్టమైనా అదే మాట చెబుదాం. ఫలితం మన కాలంలో రాకపోవచ్చు. గడువు పెట్టేది మనం కాదు కాబట్టి దాని గురించి దిగులు వద్దు. దేవుడు చూస్తున్నాడని నమ్మేవాళ్లు తాము చూసినదాన్ని దాచకూడదు. హబక్కూకు మనకు అప్పగించిన పని ఇదే. దీన్ని ఈరోజే మొదలుపెట్టండి.